పన్నెండు మాటలు పైకి చదివిన రోజు

రంజాన్ పండగ అయిపోయాక వచ్చిన రెండో బుధవారం, పగలు పదకొండుంబావు. ఆదోనిలో ఖాదర్ బాషా ఇంటి లోపలి గదిలో నేను ఇనప్పెట్టె తెరిచాను. ఖాదర్ బాషా వేరుశనగ వ్యాపారి. ఆలూరు రోడ్డులో లారీ గుద్ది పోయాడు. నలభయ్యో రోజు చేసే చాలీస్వా కూడా అయిపోయింది. ఆ పెట్టెలో ఒక చిన్న కాగితం ఉంది. దాని మీద పన్నెండు మాటలున్నాయి. ఆ మాటలు ఎవరి కంట పడినా, ఎవరి చెవిన పడినా, వాళ్లు ఎక్కడో కూర్చుని ఖాదర్ బాషా భార్య షమీమ్ సొమ్మంతా తీసేసుకోవచ్చు. ఆ సంగతి గదిలో ఇద్దరికే తెలుసు, ఆమెకూ నాకూ. మేం నోరు తెరిచేలోపే ఇంటి పెద్దాయన ఆ కాగితాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు.

ఎందుకు చదివాడో, చదివితే ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తాళాల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదవాలి. ఇప్పుడు తాళమంటే ఇనుము ఒక్కటే కాదు. ఫోనుల్లో ఉండే తాళాల గోడు కూడా జనం మీ దగ్గరికే తెస్తారు.

నా పని, నా మేస్త్రీ

నా పేరు హుసేనప్ప. ఆదోనిలో ఇనప్పెట్టెలు బాగు చేస్తూ బతికాను. నేను బడి మొహం చూడలేదు. నలభై దాటాక, నా అంగడి పక్కన కుట్టుమిషను పెట్టుకున్న మల్లమ్మ అక్షరాలు దిద్దించింది. అందుకే నా రాత మాట్లాడినట్టు ఉంటుంది. ఒత్తులు వెతికేవాళ్లు వేరే పుస్తకం చూసుకోండి.

పని ఏమిటంటే, తాళంచెవి పోయిన పెట్టె తెరవడం, బిగుసుకుపోయిన గడియ వదిలించడం, కొత్త తాళం వేయడం. జిన్నింగు మిల్లుల వాళ్లు, మంత్రాలయం లాడ్జీల వాళ్లు, ఎమ్మిగనూరు బట్టల వ్యాపారులు, మాధవరం వైపు భూములున్న రైతులు, అందరూ పిలిచేవాళ్లు. ఎంత కూలి ఇచ్చారు, ఎవరు మెచ్చుకున్నారు అనేవి రాయను. అవి ఎవరికీ పనికిరావు.

నాకు పని నేర్పింది ఎమ్మిగనూరు రంగన్న మేస్త్రీ. కోపిష్టి. సుత్తి పట్టడం తప్పయితే తిట్టేవాడు. నోరు జారితే మాత్రం కొట్టేవాడు. నాతో పాటు నారాయణ అని ఒకడు నేర్చుకునేవాడు. చెయ్యి నాకంటే వాడిదే మంచిది. ఒకసారి ఒక షావుకారు ఇంట్లో పెట్టె జరపడానికి పోయాం. మనుషులు చాలక వీధిలోంచి ఇంకొందరిని పిలిచాం. సాయంత్రం నారాయణ టీ అంగట్లో కూర్చుని, అబ్బా ఏం బరువప్పా ఆ పెట్టె, నా నడుం పడిపోయింది అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆ నెలలోనే ఆ ఇంటికి కన్నం పడింది.

పోలీసులు వచ్చారు, పోయారు. నారాయణ తప్పేమీ లేదని రాసుకున్నారు. రంగన్న మేస్త్రీ మాత్రం వాడి సామాను సంచీలో వేసి వీధిలో పెట్టాడు. వాడు కాళ్ల మీద పడ్డాడు. లోపల ఏముందో నేను సూడనే లేదు మేస్త్రీ, సెప్పనే లేదు అని ఏడ్చాడు.

"బరువు సెప్పినావు గదరా," అన్నాడు మేస్త్రీ. "ఇంగ సెప్పేదానికి ఏం మిగిలింది?"

నాకు అప్పుడు అది అన్యాయం అనిపించింది. ఇప్పుడు అనిపించదు. తాళం మెత్తగా ఉందని దొంగ రాడు. లోపల ఉందని తెలిసి వస్తాడు. తాళం చేసేవాడు ఎంత గట్టిగా చేసినా, ఆ తెలిసిపోవడాన్ని ఆపలేడు. తెలియనివ్వకపోవడం పెట్టె సొంతదారు పని, దాన్ని చూసినవాడి పని.

గోడకంటించిన సొమ్ము

క్రిప్టో అనే మాట నేను మొదట విన్నది సోమశేఖర్ నోట. ఎమ్మిగనూరులో వాడికి రెడీమేడ్ బట్టల అంగడి. ఒక రోజు బైకు మీద వచ్చి, మాకు ఒక గట్టి పెట్టె కావల్ల, గోడలో పూడ్చేది, అన్నాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు. కూర్చోబెట్టి అడిగాను.

వాడు బిట్ కాయిన్లు, ఆ క్రిప్టోలో ఒక రకం, కొనిపెట్టుకున్నాడు. అంగట్లో ఫోను డబ్బుల స్కానరు కాగితం అంటించి ఉంటుంది కదా, దాని పక్కనే తన బిట్ కాయిన్ల వాలెట్ స్కానరు కూడా అంటించాడు. ఇవి కూడా తీసుకుంటాం అని రాసిపెట్టాడు. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదని గొప్ప. ఎవరూ ఇచ్చింది లేదు. మంత్రాలయం పోతూ దిగిన ఒక యాత్రికుడు ఒక్కడే సరదాకి కొంచెం పంపాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. నీ దగ్గర ఇంత ఉంది, ఫలానా నెలలో ఇంత వచ్చింది, అందులో సగం మాకు పంపు, లేకుంటే నీ పెండ్లాం ఏ దావన కూరగాయలకు పోతుందో మాకు తెలుసు, అని. వాళ్లు చెప్పిన మొత్తం సరిగ్గా సరిపోయింది.

వాడికి అర్థం కానిది అదే. బ్యాంకు వాడు చెప్పాడా, స్నేహితుడు చెప్పాడా అని అందరినీ అనుమానించాడు. తమ్ముడితో కొట్లాడాడు. నాకూ తెలియలేదు. పెట్టె చేసిస్తానన్నాను.

ఆ పూటే ఖాదర్ బాషా అంగడికి వచ్చాడు. పాత గిరాకీ. ఈ విషయాలు చదివేవాడు. సోమశేఖర్ సంగతి చెప్తే తల పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు నాకు. ఫోను డబ్బుల స్కానరు అంటిస్తే అది డబ్బు పడే సందు మాత్రమే, లోపల ఎంతుందో కనపడదు. ఈ కాయిన్ల స్కానరు అట్లా కాదు. అందులో ఉన్న నంబరు తెలిస్తే చాలు, ప్రపంచంలో ఎవరైనా ఆ వాలెట్లోకి ఎంత వచ్చింది, ఎప్పుడొచ్చింది, ఎక్కడికి పోయింది, ఎంత మిగిలింది, అంతా చూడవచ్చు. తీసుకోలేరు. చూస్తారు. పేరు మాత్రం ఉండదు. సోమశేఖర్ ఆ పేరును తనే ఇచ్చాడు, అంగడి బోర్డు కింద అంటించి.

"మార్కెట్ యార్డులో నల్లబల్ల ఉంది సూడు మేస్త్రీ," అన్నాడు ఖాదర్ బాషా. "దాని మీద లెక్కంతా రాసుంటుంది, ఎవురిదో ఉండదు. ఈయప్ప పోయి, అది నాదే అని సంతకం పెట్టొచ్చినాడు."

సోమశేఖర్‌ను మళ్లీ పిలిచి పెట్టె చేయనని చెప్పాను. కోపం చేసుకున్నాడు. గోడలో పూడ్చేదానికి నీ సొమ్ము గోడ బయటే ఉందిరా అన్నాను. కాగితం చించేశాడు గానీ, అప్పటికే ఎవరెవరి ఫోనుల్లో ఫోటో ఉందో ఎవరికి తెలుసు? ఖాదర్ బాషా చెప్పినట్టు కొత్త వాలెట్టు చేసుకున్నాడు. అయినా సొమ్మంతా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఒకే మూటగా పోస్తే ఆ దారి కూడా కనపడుతుందట. ఆ మాట ఖాదర్ బాషా ముందే చెప్పి ఉంటే బాగుండేది, అప్పటికే వీడు పోసేశాడు. చివరికి వాడు అంతా అమ్మి, పన్ను కట్టి, బ్యాంకులో వేసుకున్నాడు. ఫోన్లు ఇంకొన్నాళ్లు వచ్చి ఆగిపోయాయి. భార్యను మాత్రం చాలా రోజులు ఒంటరిగా బజారుకు పంపలేదు.

ఇక్కడ ఒక మాట. నేను దాచుకోమని చెప్పేది సర్కారు దగ్గర కాదు. ఆధార్ ఇచ్చి కొన్నచోట వాళ్లకు మీ పేరు తెలుసు, పన్ను కట్టాల్సిందే. నేను చెప్పేది వీధి గురించి, ఫోను అవతల కూర్చున్నవాడి గురించి. రోజూ ఇచ్చిపుచ్చుకునేది వేరుగా, దాచుకున్నది వేరుగా పెట్టుకోండి. ఒకరికిచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వకండి. కొన్నామని స్టేటస్ పెట్టకండి. నారాయణ బరువు చెప్పినట్టే అవుతుంది.

ఖాదర్ బాషా అడిగిన అర

ఆయన ఆ రోజు వచ్చింది వేరే పని మీద. తన పెట్టెలో ఒక దొంగ అర కావాలన్నాడు. పై అర అడుగున, నొక్కితే జారే రేకు. నేను చేసిపెట్టాను. చేసిన తర్వాత ఒక చిన్న రేకు డబ్బా తెచ్చాడు, అందులో మడిచిన కాగితం.

షమీమ్ తల్లిగారు పెళ్లిలో పెట్టిన గాజులు, గొలుసు అమ్మి, ఆమెను అడిగే, ఈ కాయిన్లు కొన్నాడు. ఎమ్మిగనూరులో కుట్టు షెడ్డు పెట్టాలని ఆమె ఆలోచన. మిషన్లు, మనుషులు, అన్నీ లెక్క వేసుకుంది. బంగారం కంటే ఇది తొందరగా పెరుగుతుందని ఆయన నమ్మకం. నన్ను అడిగితే అది తెలివైన పని అనను. గాజులు గాజులుగా ఉంటే కనీసం చేతికి కనపడతాయి. అయితే సొమ్ము ఆమెది, ఒప్పుకున్నది ఆమె. అది పోతే ఆమెకు మిగిలేది ఒంటి మీద గుడ్డలే. అంగడి అన్నదమ్ములది. ఇల్లూ అందరిదీ.

కాగితం ఏందప్పా అని అడిగాను.

"కాగితం గాదు మేస్త్రీ. ఇదే బీగంచెవి, ఇదే సొమ్ము. ఈ పన్నెండు మాటలు వరసగా కొడితే ఏ ఫోన్లోనైనా నా వాలెట్టు తెరుసుకుంటాది. పెట్టె పగలగొట్టే పనే లేదు, ఒక ఫోటో సాలు."

"అట్లయితే ఇంగ పెట్టె దేనికి?"

"ఎవురూ సూడకుండా."

నవ్వాడు. నాకేమైనా అయితే ఈ అర షమీముకు మాత్రమే చూపించు అన్నాడు. ఆయన చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఆ మాటలు ఆమె దగ్గర ఇంకొక చోట రాసిపెట్టలేదు. ఒకే కాగితం, ఒకే పెట్టె. ఆ పెట్టె తాళంచెవి అన్న దగ్గర ఉండేది, ఆ ఇంటి పద్ధతి అది. ఫోను ఆయనతో పాటే రోడ్డు మీద నుజ్జయింది. ఇంక ఆ కాగితమే ఆధారం.

ఆయన పోయాక నేను షమీమును కలిసి చెప్పాను. ఆమెకు తెలుసు. ఒకసారి కొంచెం సొమ్ము అటూ ఇటూ పంపించి, ఎట్లా తెరవాలో ఎట్లా మార్చాలో ఆయన చూపించాడట. అర తెరిచినప్పుడు డబ్బా నా చేతికివ్వు మామా, అది నాదని అప్పుడే చెప్తాను అంది. అంతే అనుకున్నాం. అది చాలదని తెలిసే సరికి ఆలస్యమైంది.

పిలుపు

పోయిన మనిషి పెట్టె తెరవడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా ఊళ్లో చాలా వ్యాపారుల ఇళ్లలో, వాళ్లు ఏ మతమైనా, ఇట్లాంటిదే ఉంది. వారసులందరూ కూర్చుంటారు. ఇంటికి పెద్దయినవాడు పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, అదేమిటో గట్టిగా పలుకుతాడు. మిగతావాళ్లు విన్నాం అంటారు. కాగితమైతే మొత్తం చదువుతాడు. పిలుపు అయ్యేదాకా మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. రేపు ఎవరూ నాకు చూపలేదు, నాకు చెప్పలేదు అనకుండా. అన్నదమ్ములు కోర్టుకు పోకుండా కాపాడిన పద్ధతి అది. నేను దానికి ఎప్పుడూ మొక్కుతాను.

పెద్దాయన రసూల్ సాబ్, ఖాదర్ బాషాకు చిన్నాన్న. నిక్కచ్చి మనిషి. పక్కన అన్న మహబూబ్ బాషా. తమ్ముడు దస్తగిరి బళ్లారిలో ఉంటాడు, రాలేకపోయాడు. అందుకని వీడియో కాల్ పెట్టారు. ఫోను పట్టుకుంది అంగడి గుమాస్తా వెంకోబరావు. పద్ధతి ప్రకారం అన్నీ ఫోను వైపు కూడా తిప్పి చూపాలి.

తాళంచెవి తిప్పితే గడియ రాలేదు, చాలా రోజులు మూసి ఉన్నందుకు. నేను వదిలించాను. మామూలుగా నేను తాళం లొంగగానే వీపు తిప్పి బయటికి వచ్చేస్తాను. ఆ రోజు అర కోసం ఉండిపోయాను.

భూమి పత్రాలు వచ్చాయి, పిలిచాడు. వెండి సుర్మాదానీ, కళ్ల కాటుక భరిణె, వచ్చింది, పిలిచాడు. విన్నాం, విన్నాం అంటున్నారు. ఫోన్లోంచి దస్తగిరి విన్న్యా, విన్న్యా అంటున్నాడు. పై అర ఖాళీ అయింది. అప్పుడు నేను రేకు నొక్కి జరిపి, డబ్బా తీసి షమీమ్ వైపు చెయ్యి చాచాను. రసూల్ సాబ్ నా చేతిలోంచి తీసుకున్నాడు. పెట్టెలోంచి వచ్చింది ఏదైనా ముందు పెద్దాయన చేతికే పోవాలి కదా. ఆయనకు అనుమానం లేదు, దురాశ లేదు. పద్ధతి, అంతే.

మూత తీసి, కాగితం విప్పి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఖాదర్ బాషా ఇంగ్లీషు మాటల్నే తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాడు.

"రివర్," అన్నాడు రసూల్ సాబ్.

విన్నాం అన్నారు.

నేను, ఆగు సాబ్ అన్నాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు, పిలుపు మధ్యలో మాట్లాడొద్దని.

"లెమన్."

విన్నాం. మహబూబ్ బాషా, ఇదేందిది, బడిపిల్లోళ్ల పాఠమా అని గొణిగాడు. షమీమ్ లేచి కాగితం అందుకోబోయింది. మహబూబ్ బాషా అడ్డం చెయ్యి పెట్టి, పెద్దాయన పిలుస్తాండాడు, కూసో అన్నాడు. ఇంకో మాట వచ్చింది. ఇంకో మాట. ఆపితే ఇంటి పద్ధతి చెడగొట్టినవాణ్ణి. ఆపకపోతే ఆ పిల్ల గతి ఇంతే.

"సాసా, ఈడికి సరిగా ఇనపడల్యా," అన్నాడు ఫోన్లో దస్తగిరి, చిన్నాన్నతో. "కాగితం ఫోను దగ్గర పెట్టు, సదువుకుంటా."

వెంకోబరావు ఫోను ముందుకు చాచాడు. రసూల్ సాబ్ కాగితం తిప్పి ఫోను ఎదుట పట్టాడు. నేను ఎప్పుడు లేచానో తెలియదు. నా అరచెయ్యి ఫోను మీద పెట్టి మూసేశాను. కాగితం కనపడింది ఒక ఊపిరి సేపు. ఫోటో తీసేవాడికి ఆ ఊపిరి చాలు.

గోడ తట్టు తిరగండి

మహబూబ్ బాషా నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "మేస్త్రీ, నీ పని బీగం తీసేది. ఇంటి సంగతిల్లో చెయ్యి పెడితే ఇరుస్తా."

నేను షమీమ్ వైపు చూశాను. అనాల్సింది నేను కాదు.

"భాయిసాబ్," అంది షమీమ్. గొంతు పెంచలేదు. "ఆ కాగితంలో నా గాజులున్నాయి. మా అమ్మ పెట్టిన గొలుసుంది. అమ్మి మీ తమ్ముడు దాంట్లో పెట్టినాడు. సాసాకు తెలుసు."

అందరూ రసూల్ సాబ్‌ను చూశారు. ఆయన కాగితం మడిచాడు.

"తెలుసు," అన్నాడు. "కంసాలి తూకం ఏసేటప్పుడు నేనూ ఉన్న్యా. ఆ సొమ్ము ఆయమ్మిదే. ఇంటికి సంబంధం ల్యా."

అప్పుడు షమీమ్ తొందర తొందరగా చెప్పింది. ఈ మాటలు తెలిసినవాళ్లు ఎవరైనా, ఎక్కడైనా ఆ సొమ్ము తీసుకోవచ్చని, బ్యాంకు వాడికి ఫిర్యాదు చేసేదానికి బ్యాంకే లేదని, పోతే తిరిగి రాదని. మహబూబ్ బాషాకు అవమానంగా తోచింది. మాకు ఇంగ్లీషే రాదు, మేం దొంగలమా అన్నాడు. వెంకోబరావు, నాకు మూడో మాట అప్పుడే మతికి లేదు తల్లీ, ముసలితనం ఒకందుకు మేలే అన్నాడు.

"ఎవురూ దొంగలు గాదు," అంది ఆమె. "దొంగ కావల్సిన పనిల్యా. సూసిన ఫోను పోగొట్టుకున్నా సాలు. నాకు అద్ద గంట ఇయ్యండి. ఫోను పెట్టేయండి, మీరు గోడ తట్టు తిరగండి. నేను వేరే వాలెట్టు చేసుకుని దాంట్లోకి మార్చుకుంటా."

పెద్దమనిషిని, తన మామను, బావను గోడ వైపు తిరగమంది ఒక కోడలు. ఆ గదిలో అట్లాంటి మాట అంతకు ముందు ఎవరూ విని ఉండరు. మహబూబ్ బాషా మెడ నరాలు పొంగాయి. నేను ముందు లేచాను. గడప దగ్గర కూర్చుని, మొహం బయటికి పెట్టాను. నా వెనక రసూల్ సాబ్ మోకాళ్లు పటపటమన్నాయి, ఆయన తిరిగాడని తెలిసింది. ఆయన తిరిగాక మహబూబ్ బాషా తిరగక తప్పలేదు. దస్తగిరి ఫోన్లో ఏందేంది అంటూనే ఉన్నాడు. వెంకోబరావు కాల్ ఆపేశాడు.

ఆ తర్వాతి సేపు నా బతుకులో చాలా పొడుగైనది. ఏ పెట్టె ముందూ నేను అంత బిగుసుకుని కూర్చోలేదు. పెట్టె అయితే నా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ గది రాతి గోడలది, లోపల ఆమె ఫోనుకు సిగ్నలు నిలవదు, వెంకోబరావు పట్టుకున్నది వేరే కంపెనీ సిమ్ము. ఆమె మిద్దె మెట్ల మీదికి పోయింది, దిగింది, మళ్లీ పోయింది. యాప్ దిగాలి, అందులో పన్నెండు మాటలు కొట్టాలి, కొత్త వాలెట్టు చేయాలి, దాని కొత్త మాటలు రాసుకోవాలి, అప్పుడు పంపాలి. బళ్లారిలో ఎవరైనా ఇదే పని చేస్తూ ఉంటే ఎవరు ముందైతే వాళ్లదే. రసూల్ సాబ్ తస్బీ పూసలు తిప్పుతున్న చప్పుడు. మహబూబ్ బాషా ఊపిరి. మధ్యలో ఆయన గోడతో అన్నట్టు, ఖాదరు నాకు ఒక్క మాట సెప్పింటే అన్నాడు.

మెట్ల మీంచి ఆమె గొంతు వినపడింది. పంపినాను, ఇంకా అయితాంది అని సూపిస్తాంది అని. చాలాసేపటికి ఆమె దిగి గది మధ్యకు వచ్చి, అయింది, తిరగండి అంది.

పాత కాగితం వంటింట్లో పొయ్యిలో పెట్టింది. కొత్త మాటలు ఎక్కడ పెట్టుకుందో నాకు తెలియదు. అడగలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది అదే. నమ్మకస్తుడివి కదా అని గిరాకీ నీకు చెప్పబోతాడు. చెప్పనివ్వొద్దు. నువ్వు మంచివాడివి కావచ్చు, నీకు జ్వరమొచ్చి పలవరిస్తే? నీ ఎదురుగా ఎవడో నీ పిల్లల మెడ మీద కత్తి పెడితే? తెలియనివాడి దగ్గరనుంచి ఎవరూ ఏమీ గుంజుకోలేరు.

ఆ సాయంత్రం

మరునాడు షమీమ్ నా అంగడికి వచ్చింది, వెంట మహబూబ్ బాషా. ఆయన మొహం నల్లబడి ఉంది.

పాత వాలెట్లో ఇంకో రకం కాయిన్లు కొంచెం ఉండిపోయాయట. వాటిని పంపడానికి ఖర్చు కింద వేరే కాయిన్ కావాలి, అది ఆమె దగ్గర లేదు, కొనుక్కుని రేపు పంపుదామని వదిలేసింది. పెద్ద సొమ్ము వచ్చేసింది కదా అని. సాయంత్రం దీపాలు పెట్టే వేళ చూసుకుంటే ఆ కొంచెం లేదు. ఎవరో ఆ ఖర్చు కాయిన్ తామే వేసి, ఉన్నదంతా ఊడ్చుకుని పోయారు. ఎంత పోయిందో, ఏ నంబరుకు పోయిందో ఫోన్లో స్పష్టంగా కనపడుతోంది. నాకు చూపించింది. పొడుగాటి అక్షరాల వరస. నల్లబల్ల మీద లెక్కంతా ఉంది, పేరు లేదు.

అంటే ఆమె మెట్లెక్కి దిగుతున్నప్పుడు ఇంకెవరి చేతుల్లోనో ఆ పన్నెండు మాటలు ఉన్నాయి. అద్ద గంట ఆలస్యమైతే షెడ్డు లేదు, మిషన్లు లేవు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఆ షెడ్డు నడుస్తోంది. లోపలికి పోయి నేనూ చూశాను.

మహబూబ్ బాషా అడిగాడు. "మేస్త్రీ, గదిలో ఉన్న్యది మనమే గదా. ఎవురు?"

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. రసూల్ సాబ్ మాత్రం ఆ తర్వాత ఏ ఇంటి పిలుపుకు పోయినా ఫోను పెట్టనివ్వడం లేదు. సొంతదారు ముందు చూసి, చదవొచ్చు అంటేనే కాగితం చదువుతున్నాడు. పద్ధతి చెడలేదు, ఒక మలుపు తిరిగింది.

వెంకోబరావు ఒక్కడే, చాలా రోజుల తర్వాత, యార్డు గేటు దగ్గర నన్ను ఆపి ఒక సంగతి చెప్పాడు. ఫోను తన చేతిలో ఉంది కాబట్టి తనకే కనపడిందట. దస్తగిరి ఒంటరిగా ఉన్నానని ముందే చెప్పాడు. కాగితం ఎదుట పెట్టినప్పుడు మాత్రం అతని పక్కనుంచి గళ్ల చొక్కా చెయ్యి ఒకటి వచ్చి, టీ గ్లాసు కింద పెట్టి, వెనక్కి పోయింది. అంతకు మించి చూడలేదన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పమన్నాను. చెప్పాడు. దస్తగిరి, నా పక్క ఎవురూ ల్యా అని కురాన్ మీద చెయ్యి వేయబోయాడు. రసూల్ సాబ్ వద్దన్నాడు.

నేను ఎవరి మీదా నేరం మోపడం లేదు. మోపే హక్కు నాకు లేదు. ఆ కాగితం ఎవరి ఎదుట విప్పారో, ఆ పేర్లు మాత్రం రాస్తాను. రసూల్ సాబ్, పిలిచినవాడు. మహబూబ్ బాషా, తాళంచెవి తెచ్చినవాడు. వెంకోబరావు, ఫోను పట్టుకున్నవాడు. హుసేనప్ప, నేను. షమీమ్, సొమ్ము తనది. బళ్లారి నుంచి ఫోన్లో దస్తగిరి. అతని పక్కన ఇంకొకరు, పేరు తెలియదు.